ఇంట్లోనే బాణాలకు ఈకలు అతికించుకోవచ్చా?

కృష్ణా జిల్లాలోని ఒక చిన్న పట్టణం నుంచి ఒక తల్లి మాకు ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు. ఆమె ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుడతారు. భర్త ఎరువుల దుకాణంలో గుమస్తా. తొమ్మిదో తరగతి చదువుతున్న కూతురు రెండేళ్లుగా విలువిద్య నేర్చుకుంటోంది. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచినప్పుడు టీవీ ముందు నుంచి కదలని ఆ పిల్ల, తనకూ విల్లు కావాలని పట్టుబట్టిందట. ఇప్పుడు కొసలు ముందుకు వంపు తిరిగి ఉండే రికర్వ్ విల్లుతో, కోచ్ సలహా మీద కొన్న పన్నెండు కార్బన్ బాణాలతో సాధన చేస్తోంది.

ఇబ్బందంతా ఆ బాణాల వెనుక ఉండే ప్లాస్టిక్ ఈకలతోనే వచ్చింది. నెలకు రెండుసార్లయినా మూడు నాలుగు బాణాలకు ఈకలు ఊడిపోతున్నాయి. విజయవాడలోని దుకాణానికి తీసుకువెళితే బాణానికి నలభై రూపాయల చొప్పున కూలి, పైన వంద రూపాయల బస్సు ఛార్జీలు, ఒక రోజు పని పోవడం. దసరా సెలవులకు వచ్చిన మరిది, ఇంతమాత్రానికి దుకాణం దాకా ఎందుకని, కంటి అంచనాతో సూపర్ గ్లూ పెట్టి నాలుగు బాణాలకు ఈకలు అతికించారు. మర్నాడు ఆ నాలుగూ నాలుగు దిక్కులకు పోయాయి. అమ్మాయి ఏడ్చి, ఇంట్లో అతికించిన బాణం ఇక ముట్టనని తేల్చి చెప్పింది. ఈకలు అతికించే జిగ్ అనే పనిముట్టు ప్లాస్టిక్‌ది ఎనిమిది వందలకు, లోహంతో చేసినది పది వేలకు దగ్గరగా దొరుకుతున్నట్టు ఆమె తెలుసుకున్నారు. అకాడమీలో ఒక సీనియర్ అబ్బాయి తండ్రి దగ్గర లోహపు జిగ్ ఉంది, కావాలంటే వాడుకోమన్నారు, కానీ ప్రతిసారీ అడగడం ఆమెకు మొహమాటంగా ఉంది. "ఈ ఆటకు ఖర్చు పెడుతూ పోవడమే గాని అంతు ఉందా?" అన్నది భర్త మాట. విల్లు ఎన్నడూ పట్టని తాను చౌక పనిముట్టుతో ఈ పని చేయగలదా, కూతురిని ఎలా నమ్మించాలి, భర్తకు ఏమని చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం:

మీ ఉత్తరంలో మూడు చిక్కులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. ఈకలు ఎందుకు ఊడుతున్నాయన్నది మొదటిది, వాటిని ఎవరు ఏ పనిముట్టుతో అతికించాలన్నది రెండవది, మీ అమ్మాయి నమ్మకం మూడవది. మీరు రెండవదానితో మొదలుపెట్టారు. నేను మొదటిదానితో మొదలుపెడతాను, ఎందుకంటే ఈకలు ఊడటానికి కారణం జిగురు కాకపోతే ఏ జిగ్ కొన్నా మీ ఇబ్బంది తీరదు.

ఈసారి ఊడిన బాణాలను దుకాణానికి పంపేముందు పగటి వెలుతురులో ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూడండి. ఈక ముందు కొస, అంటే ములుకు వైపున్న కొస, మొదట లేచినట్టు కనిపిస్తే, బాణం గురి దిమ్మెలోకి మరీ లోతుగా దిగుతోందని, లాగేటప్పుడో దిగేటప్పుడో ఈక ఒరుసుకుంటోందని అనుకోవచ్చు. దిమ్మె మధ్యభాగం బాగా వాడి మెత్తబడిన చోట ఇది తరచు జరుగుతుంది. దిమ్మె మార్చడమో, మెత్తబడని చోట గురి కాగితం అంటించుకోవడమో దానికి మందు. అలా కాకుండా అన్ని బాణాల మీదా ఒకే స్థానంలో ఉన్న ఈక మాత్రమే అరిగి, దాని అంచు నలిగి ఉంటే, బాణం విల్లును దాటేటప్పుడు ఆ ఈక విల్లు పిడికో, బాణం ఆనే రెస్ట్‌కో తగులుతోంది. ఈకల అంచులకు పలుచగా లిప్‌స్టిక్ రాసి రెండు మూడు బాణాలు వేయిస్తే ఎక్కడ తగులుతోందో మరక చెబుతుంది. అప్పుడు కోచ్ చేత నాక్‌ను, అంటే నారి పట్టే ఆ చిన్న ప్లాస్టిక్ ముక్కను, కొద్దిగా తిప్పించి చూడండి. ఒక్కోసారి అంతటితోనే తగలడం ఆగిపోతుంది. ఇవేవీ కాక, ఈక మొత్తం శుభ్రంగా, కింద జిగురు పొరతో సహా రేకులా లేచి వచ్చేస్తుంటేనే తప్పు అతికించిన తీరులో ఉంది. జిగ్ గురించి ఆలోచించవలసింది అప్పుడే. ఇక ఈక పక్కన చీలిక, నలుగు ఉంటే అది మరో బాణం వచ్చి తగిలిన గుర్తు. పిల్ల బాగా వేస్తున్నకొద్దీ, బాణాలు దగ్గర దగ్గరగా దిగుతున్నకొద్దీ అలాంటి నష్టం పెరుగుతుంది గాని తగ్గదు. దానికి మాత్రం ఇంట్లో అతికించుకునే ఏర్పాటు ఉండటం నిజంగా మేలు.

మీ మరిది అతికించిన బాణాలు ఎందుకు చెదిరాయో కూడా తెలుసుకోండి, ఎందుకంటే జిగ్ చేసే పని ఏమిటో అక్కడే అర్థమవుతుంది. బాణం చుట్టూ మూడు ఈకలు సమానమైన ఎడంతో, ఒక్కొక్కటి మరొకదానికి 120 డిగ్రీల దూరంలో ఉండాలి. వాటిలో రంగు వేరుగా ఉన్న ఈక నాక్ గాడికి అడ్డంగా నిలిచి, నారి ఎక్కించినప్పుడు విల్లుకు బయటి వైపు చూడాలి. బాణం కాడ మందం 6 మిల్లీమీటర్లు అనుకుంటే దాని చుట్టుకొలత 19 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. అంటే ఈకకూ ఈకకూ మధ్య దూరం ఇంచుమించు 6.3 మిల్లీమీటర్లు మాత్రమే. అందులో అర మిల్లీమీటరు పక్కకు జరిగితే దాదాపు పది డిగ్రీల తేడా వస్తుంది. అర మిల్లీమీటరును నాలుగు బాణాల మీద పన్నెండుసార్లు కంటితో ఒకేలా పట్టుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. అందుచేత మీ మరిది చేతి నైపుణ్యాన్ని తప్పుపట్టనక్కరలేదు. పట్టి ఉంచే ఆధారం లేకుండా చేసిన పని ఎవరు చేసినా అలాగే ఉంటుంది.

చౌక జిగ్, ఖరీదైన జిగ్ అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఈకలు సరిగ్గా 120 డిగ్రీలకే ఉండటం కన్నా, పన్నెండు బాణాలకూ ఒకే తీరులో ఉండటం ముఖ్యం. ఒక జిగ్ ప్రతిసారీ రెండవ ఈకను రెండు డిగ్రీలు పక్కకే పెడుతుందనుకోండి. ఆ తేడా అన్ని బాణాలకూ ఒకేలా ఉంటే బాణాలన్నీ ఒకే తీరున ఎగురుతాయి, ఒకే గుంపుగా దిగుతాయి, గురి సర్దుకుంటే సరిపోతుంది. ఒకసారి రెండు డిగ్రీలు ఇటు, మరొకసారి రెండు డిగ్రీలు అటు పెట్టే జిగ్ మాత్రం పనికిరాదు, అది ఎంత ఖరీదైనదైనా సరే. మీరు జాకెట్లు కుట్టేటప్పుడు రెండు చేతులకూ ఒకే అచ్చు పెట్టి కత్తిరించడం వంటిదే ఇది. అచ్చు కాస్త వెడల్పుగా ఉన్నా నష్టం లేదు, రెండు చేతులకు రెండు అచ్చులు పెడితేనే గదా తేడా కనబడేది.

ఇక మీ ముందున్న దారులు చూద్దాం.

ఎనిమిది వందల ప్లాస్టిక్ జిగ్ కొనడం మొదటి దారి. ఇందులో రెండు రకాలున్నాయి. బాణాన్ని నిలబెట్టి, ఒక క్లాంపుతో ఒక ఈకను పట్టి, అతికాక నాక్ దిమ్మెను, అంటే జిగ్‌లో నాక్ కూర్చునే భాగాన్ని, తిప్పి రెండవ ఈక పెట్టేది ఒక రకం. మూడు రెక్కలను ఒక్కసారే మూసి మూడు ఈకలనూ ఒకేసారి అతికించేది మరొక రకం. రెండవది వేగంగా పని చేస్తుంది, కానీ కొన్ని మందాల బాణాలకే సరిపోతుంది. మీ అమ్మాయి పెద్దదవుతూ బాణాలు మారుస్తున్నకొద్దీ అది పక్కన పడిపోవచ్చు. పైగా మూడూ ఒక్కసారే పట్టేయడం వల్ల లోపల జిగురు ఎలా పరుచుకుందో కనబడదు. కొత్తగా చేసేవారికి ఒక్కొక్క ఈకనే పట్టే రకం మేలని నా అభిప్రాయం. నెమ్మదిగా సాగుతుంది, నిజమే. కానీ ప్రతి ఈకనూ కళ్లారా చూసి పెడతారు.

లోహపు జిగ్ కొనడం రెండవ దారి. అది దశాబ్దాలు మన్నుతుంది, సర్దుబాట్లన్నీ బిగించిన చోటే ఉంటాయి. అకాడమీలో నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి కొంటే మంచిదే. ఒక్క పన్నెండు బాణాల కోసం మీరొక్కరే పది వేలు పెట్టవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

ఆ సీనియర్ అబ్బాయి తండ్రి జిగ్ వాడుకోవడం మూడవ దారి. ఇందులో మీ మొహమాటం ఒక్కటే చిక్కు కాదు. ఆయన తన బాణాలకు సర్దుకున్న జిగ్‌ను మీరు మీ బాణాలకు తగినట్టు మార్చి, మళ్లీ ఆయన మారిస్తే, పోయిన నెల అతికించిన బాణాలకూ ఈ నెల అతికించిన వాటికీ తేడా రావచ్చు. అందుకే నెలకు రెండుసార్లు రెండు మూడు బాణాలు పట్టుకుని వెళ్లే బదులు, ఒక్కసారి వెళ్లి పన్నెండు బాణాలకూ కొత్త ఈకలు అతికించుకుని రావడానికి ఆ సహాయం అడగండి. ఒక పూట ఆయన పక్కన కూర్చుని చూస్తే మీకు పని కూడా వచ్చేస్తుంది. అలా అడగడంలో మొహమాటపడవలసిందేమీ లేదు. మైదానంలో పాతవారు కొత్తవారికి ఈ పని నేర్పడం మామూలే.

నాలుగవ దారిని మీరు ఉత్తరంలో ప్రస్తావించలేదు, బహుశా ఎవరూ చెప్పి ఉండరు. రికర్వ్ విల్లుతో గురి పోటీల్లో పాల్గొనేవారిలో చాలామంది గట్టి ప్లాస్టిక్ ఈకలు కాక, పలుచటి రేకులా ఒంపు తిరిగి ఉండే స్పిన్ వేన్స్ వాడతారు. వాటికి జిగురు, క్లాంపు అక్కర్లేదు. రెండు వైపులా అతుక్కునే టేపుతో బాణానికి అంటించి, కొసల దగ్గర సన్నటి టేపు చుడతారు. బాణం చుట్టూ మూడు గీతలు గీసుకునే చిన్న సాధనం ఒకటి ఉంటే చాలు, అది జిగ్ కన్నా చౌక. అవి ఎడమ ఒంపు, కుడి ఒంపు అని రెండు రకాలుగా వస్తాయి, ఒక సెట్ అంతటికీ ఒకటే రకం వాడాలి. నష్టమేమిటంటే అవి సున్నితం. మరో బాణం తగిలితే నలిగిపోతాయి, తరచు మార్చాలి. లాభమేమిటంటే మైదానంలోనే కూర్చుని పిల్ల తనంతట తానే నిమిషాల్లో మార్చుకోగలదు. మీ అమ్మాయి ఆ దశకు వచ్చిందా లేదా అన్నది కోచ్ నిర్ణయించాలి. త్వరలో ఎలాగూ మారుస్తామని ఆయన అంటే జిగ్ డబ్బు మిగిలినట్టే. కాబట్టి ఏదైనా కొనేముందు ఆయనను ఈ ఒక్క మాట అడగండి.

ఇంకా ఏడాది పాటు ప్లాస్టిక్ ఈకలే వాడాలని ఆయన అంటే, మొదటి దారిని ఎంచుకోవడంలో తప్పులేదు. కొన్న జిగ్‌ను జిగురు తెరవకముందే పరీక్షించండి. ఒక బాణాన్ని నాక్ దిమ్మెలో నిలబెట్టి చేత్తో మెల్లగా తిప్పి చూడండి. నాక్ వదులుగా కదులుతుంటే ఆ జిగ్ మీ నాక్‌కు సరిపోదు. తర్వాత క్లాంపులో ఈకకు బదులు సన్నటి పెన్ను మొన ఆనించి కాడ మీద గీత గీయండి, దిమ్మెను తిప్పి రెండవ గీత, మూడవ గీత గీయండి. అలాగే తిప్పుతూ మళ్లీ మొదటి చోటికి వచ్చి గీస్తే కొత్త గీత పాతదాని మీదే పడాలి. బాణాన్ని తీసి మళ్లీ పెట్టి ఇంకోసారి చూడండి. గీతలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయంటే ఎనిమిది వందల జిగ్ మీ పనికి చాలు. పక్కపక్కన పడుతుంటే వెనక్కి పంపేయండి. చివరగా ఈకను క్లాంపులో పెట్టి బాణానికి ఆనించి, వెనుక నుంచి దీపం పట్టి చూడండి. ఈక అడుగుకూ కాడకూ మధ్య వెలుతురు సందు ఎక్కడా కనబడకూడదు. కొస దగ్గర సందు కనబడితే క్లాంపు ఎక్కువ వాలుగా ఉందన్నమాట. సన్నటి కాడ మీద తిన్నటి క్లాంపును ఒక డిగ్రీకి మించి వాల్చితే ఈక కొసలు తేలిపోతాయి. ఈక కాస్త వాలుగా ఉంటే బాణం గిరగిరా తిరుగుతూ నిలకడగా వెళుతుంది, అందుకు ఆ కొద్దిపాటి వాలు చాలు.

అతికించే రోజున ముఖ్యంగా చూసుకోవలసింది శుభ్రత. జిగురు పట్టకపోవడానికి నేను తరచు చూసే కారణం చేతి నూనె. పిల్లకు తలకు కొబ్బరినూనె రాసి, జడ వేసి, అదే చేత్తో బాణం పట్టుకుంటే ఎంత మంచి జిగురైనా నిలవదు. పాత జిగురును మొండి చాకుతో, కాడ పొడవునా, మెల్లగా గీకి తీయండి. కొత్త బ్లేడు వాడితే కార్బన్ పోగులు తెగుతాయి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన తెల్లటి గుడ్డతో, గుడ్డకు మరక అంటని దాకా తుడవండి, ఈకల అడుగుభాగాన్ని కూడా తుడవండి. సీసా మీద ఆ పేరే ఉందో లేదో చూసి కొనండి, ఎందుకంటే సర్జికల్ స్పిరిట్ పేరుతో అమ్మే వాటిలో కొన్నింట్లో నూనె కలిసి ఉంటుంది. తుడిచిన చోట మళ్లీ వేలు పెట్టకండి.

జిగురు ఎక్కువైతే బలం ఎక్కువవుతుందనుకోవడం పొరపాటు. ఈక అడుగున దారమంత సన్నటి గీతగా పెడితే చాలు. ఎక్కువ పెడితే పక్కలకు పొంగి, ఈకను క్లాంపుకే అతికించేస్తుంది. సూపర్ గ్లూ వాడితే నీళ్లలా కారేది కాకుండా చిక్కటి జెల్ రకం తీసుకోండి. అది గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది కనుక, మన కోస్తాలో ముసురు పట్టిన రోజుల్లో మరీ త్వరగా బిగిసిపోయి పక్కన తెల్లటి పొడిలా పేరుకుంటుంది. పొడిగా ఉన్న రోజున, కిటికీ తెరిచి, మొహం దూరంగా పెట్టుకుని చేయండి. ఈక వెనుక కొస నాక్ గాడి నుంచి సుమారు అంగుళం దూరంలో ఉండేలా క్లాంపు మీద ఒక గుర్తు పెట్టుకుని, పన్నెండింటికీ అదే గుర్తు పాటించండి. అంతకన్నా దగ్గరైతే నారి లాగే వేళ్లకు ఈక తగులుతుంది. మూడు ఈకలూ అతికాక ప్రతి ఈక ముందు కొస దగ్గరా, వెనుక కొస దగ్గరా ఒక్కొక్క చిన్న చుక్క జిగురు వేయండి. ముందు చుక్క మరింత ముఖ్యం, దిమ్మెలో ఒరుసుకునేది అక్కడే.

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. విల్లు పట్టడం రాకపోయినా ఈ పని మీకు వస్తుంది. అర అంగుళం మడత అంచు పొడవునా ఒకేలా కుట్టగలిగిన చేతికి ఇది కొత్తేమీ కాదు. అయితే పని ఎవరు చేసినా, ఒక సెట్ మొత్తం ఒకే మనిషి, ఒకే జిగ్ మీద, మధ్యలో సర్దుబాటు మార్చకుండా చేయాలి. ఆ మనిషి మీ అమ్మాయే అయితే మరీ మంచిది, మీరు పక్కన ఉండండి. తన చేత్తో పెట్టిన ఈక మీద పిల్లకు ఉండే నమ్మకం వేరు. అయితే ఆమెకు పరీక్షలో, బడి పనులో ఉన్నప్పుడు బలవంతం చేయవద్దు. అప్పుడు మీరే చేయండి.

ఆమె అపనమ్మకాన్ని మొండితనంగా తీసుకోకండి. ఆ నాలుగు బాణాలు నిజంగానే చెదిరాయి, ఆమె చెప్పింది నిజం. మాటలతో నచ్చచెప్పే బదులు బాణాలకు సన్నటి మార్కరుతో ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు వేయండి. ఆరింటికి ఇంట్లో, ఆరింటికి దుకాణంలో, ఒకే రకం ఈకలు అతికించి, కలిపి వాడమనండి; ఏ అంకె బాణం ఎక్కడ దిగిందో ప్రతి వరుసకూ, అంటే ఒక విడతలో వేసే బాణాలన్నీ అయ్యాక, ఒక నోటు పుస్తకంలో గుర్తు పెట్టుకోమనండి. నాలుగైదు రోజుల సాధన తర్వాత ఆ పుస్తకం చూస్తే, ఇంటి బాణాలు వేరుగా గుంపు కడుతున్నాయా, కలిసిపోతున్నాయా, లేక ఏదో ఒక్క అంకె మాత్రమే ఎప్పుడూ పక్కకు పోతోందా అన్నది మీ ముగ్గురికీ కనబడుతుంది. ఎప్పుడూ పక్కకు పోయే అంకె ఒకటి ఉంటే ఆ ఒక్క బాణాన్నే విప్పి మళ్లీ అతికించండి, అప్పటికీ మారకపోతే తప్పు ఈకలది కాదు, కాడదో నాక్‌దో. ఇంటి బాణాలు నిజంగా తేడాగా వస్తే ఆ సంగతి దాచవలసిన పని లేదు. అప్పుడు మూడవ దారికో దుకాణానికో తిరిగి వెళ్లవచ్చు.

మీ భర్త అడిగింది న్యాయమైన ప్రశ్న. ఆయనకు అంకెలు చూపించండి. మీరు రాసిన లెక్కన నాలుగు బాణాలు తీసుకుని విజయవాడ వెళ్లిన ప్రతిసారీ కూలి నూట అరవై, బస్సు వంద, మొత్తం రెండు వందల అరవై రూపాయలు. నాలుగు ప్రయాణాల డబ్బుతో జిగ్, జిగురు రెండూ వస్తాయి, అంటే రెండు నెలల ఖర్చు. మీ కుట్టు పని పోయిన రోజుల్ని ఇందులో కలపలేదు. ఈకల ఖర్చు మాత్రం ఇంట్లో చేసినా తప్పదని కూడా చెప్పండి. ఆ మాట దాచి, తర్వాత ఈకల ప్యాకెట్టు కొనవలసి వచ్చినప్పుడు ఆయన మళ్లీ అదే ప్రశ్న వేస్తే జవాబు చెప్పడం కష్టమవుతుంది. ఈ ఆటకు ఇంకా ఏయే ఖర్చులు రాబోతున్నాయో కోచ్‌ను ముందే అడిగి, ఏడాదికి ఇంత అని ముగ్గురూ కూర్చుని అనుకుంటే ఆయన ఆందోళన కొంతైనా తగ్గుతుంది.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. కార్బన్ బాణం పగులు కంటికి కనబడకుండా ఉండవచ్చు, పగిలిన బాణం వదిలేటప్పుడు చీలి చేతిలో గుచ్చుకోవచ్చు. ఈకలు మార్చే ప్రతిసారీ బాణాన్ని రెండు చేతులతో పట్టుకుని మీకు దూరంగా మెల్లగా వంచి, తిప్పుతూ, చిటపట శబ్దం వస్తుందేమో వినండి. శబ్దం వచ్చినా, పోగు లేచినా, ఆ బాణాన్ని అతికించే ప్రయత్నం చేయకుండా విరిచి పారేయండి. మైదానంలో మరో బాణం తగిలిన ప్రతిసారీ కూడా ఇలాగే చూసుకోమని అమ్మాయికి చెప్పండి.

రెండవది పోటీలకు సంబంధించినది. ఒక వరుసలో వాడే బాణాలన్నీ ఒకేలా ఉండాలని, ఈకల రంగులూ నాక్‌లూ ఒకే తీరున ఉండాలని, ప్రతి కాడ మీదా ఆటగాళ్ల పేరో పొడి అక్షరాలో ఉండాలని అంతర్జాతీయ నియమం. అందుచేత పాత ఎర్ర ఈకలు అయిపోయాయని రెండు బాణాలకు పసుపు పెడితే సాధనకు ఫరవాలేదు గాని పోటీకి పనికిరాదు. ఈకలు కొనేటప్పుడే ఒక రంగువి రెండు సెట్లకు సరిపడా తీసుకోండి. పోటీ ముందు వారంలో సెట్ మొత్తాన్ని కొత్తగా అతికించవద్దు. కనీసం రెండు వారాల ముందే ఆ పని పూర్తిచేసి, ఆ బాణాలతోనే అమ్మాయిని సాధన చేయనివ్వండి. మరీ దగ్గరలో ఒకటో రెండో ఊడితే వాటిని మాత్రం అతికించి, అంకె వేసి, మైదానంలో వేసి చూశాకే సంచిలో పెట్టమనండి.